చందమామ నుంచి వచ్చిన ప్రతిధ్వని

ఊరి చివర కొండ ఎదుట నిలబడి ఎప్పుడైనా గట్టిగా కేక వేశారా? మీరు "ఓహోయ్" అంటే, కాస్త ఆగి కొండ కూడా "ఓహోయ్" అంటుంది. కొండకు మాటలు రావు గదా! మీ కేకే వెళ్లి, కొండను తాకి, తిరిగి మీ చెవిని చేరింది. దాన్నే ప్రతిధ్వని అంటాం.

గాలిలో ధ్వని సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. మీ కేక తిరిగి రావటానికి 2 సెకన్లు పట్టిందనుకోండి. పోవటానికి 1 సెకను, రావటానికి 1 సెకను. అంటే కొండ 340 మీటర్ల దూరంలో ఉందన్నమాట. ముళ్లపొదల్లో నడవకుండా, గొలుసు పట్టి కొలవకుండా, నిలబడ్డ చోటి నుంచే దూరం తెలిసిపోయింది.

సరే, ఇప్పుడు ఇంకో ప్రశ్న. చందమామ వైపు తిరిగి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుందా?

"ఎలా వస్తుంది? మధ్యలో గాలి లేదుగా!" అంటారు మీరు. నిజమే, కేక వెళ్లదు. కాని 1969 జూలైలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, ఒక గదిలో కూర్చున్న మనిషి పలికిన మాట చంద్రుడి దాకా వెళ్లింది. అక్కడి నుంచి తిరిగి అదే గదికి వచ్చింది. వచ్చి, ఒక టేపుమీద నిలిచిపోయింది. ఆ టేపులో ఉన్నదాన్ని ఇవాళ ఎవరైనా ఉచితంగా వినవచ్చు. విని, చంద్రుడి దూరం లెక్కకట్టవచ్చు. అంతేకాదు, ఆ ధ్వనుల్ని తీసుకుని మీరు నాటిక కట్టవచ్చు, సంగీతంలో కలుపుకోవచ్చు.

అదెలాగో చూద్దాం. అలా వాడుకునేటప్పుడు మరిచిపోకూడని సంగతి కూడా ఒకటి ఉంది. అది మాత్రం చివర చెబుతాను.

గాలి లేనిచోట గొంతు

చంద్రుడి మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఎంత అరిచినా ఒకరి మాట ఒకరికి వినబడదు. ధ్వని ప్రయాణం చెయ్యటానికి గాలో, నీరో, కొయ్యో, ఇనుమో ఏదో ఒక పదార్థం కావాలి. శూన్యంలో ధ్వని లేదు.

మరి వ్యోమగాములు ఎలా మాట్లాడుకున్నారు? వాళ్లు తొడుక్కున్న దుస్తుల లోపల ఆక్సిజన్ ఉంటుంది. నోటి నుంచి మైకు దాకా ఉన్న ఆ రెండంగుళాల దారిలో మాట మామూలు ధ్వనిగానే ప్రయాణం చేస్తుంది. మైకు ఆ ధ్వనిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. వీపు మీది పెట్టెలో ఉన్న చిన్న రేడియో దాన్ని రేడియో తరంగాలుగా మార్చి, దగ్గరలో నిలిచి ఉన్న చంద్రనౌకకు పంపుతుంది. చంద్రనౌక దాన్ని భూమికి పంపుతుంది. రేడియో తరంగాలకు గాలితో పనిలేదు. కాంతి ఎంత వేగంగా పోతుందో అవీ అంత వేగంగానే పోతాయి: సెకనుకు ఇంచుమించు 3,00,000 కిలోమీటర్లు.

భూమి తిరుగుతూ ఉంటుంది గదా! ఒకే చోట కూర్చుని రోజంతా చంద్రుణ్ణి చూడటం వీలుకాదు. అందుకని అపోలో యాత్రలకు మూడు ప్రధాన కేంద్రాలను భూగోళం చుట్టూ దూరదూరంగా అమర్చారు. ఒకటి అమెరికాలోని గోల్డ్‌స్టోన్, రెండోది స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర, మూడోది ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్. ఒకదానికి చంద్రుడు అస్తమించే వేళకు ఇంకొకదానికి కనబడుతూ ఉంటాడు. అక్కడి పెద్ద పెద్ద గిన్నెల్లాంటి ఏరియళ్లు చంద్రుడి నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పట్టుకుని హ్యూస్టన్‌కు అందించేవి.

ప్రతిధ్వని ఎలా పుట్టింది?

అపోలో వ్యోమగాములు శిరస్త్రాణం లోపల ఒక గుడ్డ టోపీ పెట్టుకునేవారు. నలుపూ తెలుపూ కలిసిన ఆ టోపీ చూడటానికి బొమ్మల కథల్లోని స్నూపీ అనే కుక్కపిల్ల తలలా ఉండేది. అందుకని దానికి స్నూపీ టోపీ అని ముద్దుపేరు వచ్చింది. చెవుల దగ్గర వినికిడి గొట్టాలు, నోటి దగ్గర మైకులు అందులోనే అమర్చి ఉండేవి.

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించండి. హ్యూస్టన్ నుంచి ఒకరు "మీ మాట బాగా వినబడుతోంది" అన్నారనుకుందాం. ఆ మాట వ్యోమగామి చెవి దగ్గర వినబడుతుంది. అదే సమయానికి అతని మైకు పనిచేస్తూ ఉంటే, చెవి దగ్గరి ఆ చిన్న శబ్దాన్ని కూడా మైకు పట్టేస్తుంది. పట్టుకుని, వ్యోమగామి మాటతో పాటు భూమికి తిప్పి పంపుతుంది! హ్యూస్టన్‌లో కూర్చున్నవారికి తాము అన్న మాటే, కొంచెం సన్నగా, ఆలస్యంగా తిరిగి వినబడుతుంది. అదే చందమామ నుంచి వచ్చిన ప్రతిధ్వని. కొండ దగ్గర కేకను తిప్పి పంపింది రాయి. ఇక్కడ మాటను తిప్పి పంపింది ఒక మనిషి చెవి పక్కన ఉన్న మైకు.

ఆలస్యం ఎంత? రెండున్నర సెకన్లకు కొంచెం పైన. మీరు కొలిస్తే 2.6 సెకన్లు వచ్చిందనుకోండి. లెక్క చూద్దాం.

రేడియో తరంగం సెకనుకు పోయే దూరం 3,00,000 కి.మీ.
2.6 సెకన్లలో పోయే దూరం 3,00,000 × 2.6 = 7,80,000 కి.మీ.
ఇది రానూ పోనూ దూరం గనక సగం చేస్తే 3,90,000 కి.మీ.

చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లని మీ పుస్తకంలో ఉంటుంది. అయితే చంద్రుడి కక్ష్య గుండ్రని వలయం కాదు. ఒకప్పుడు 3,56,000 కిలోమీటర్ల దాకా దగ్గరికి వస్తాడు, ఒకప్పుడు 4,07,000 కిలోమీటర్ల దాకా దూరం పోతాడు. కాబట్టి మన లెక్క తప్పేమీ కాలేదు. సగటుకు కాక, ఆ రోజున చంద్రుడు ఎక్కడున్నాడో ఆ దూరానికి మన లెక్క దగ్గరగా వస్తుంది!

ఇది నేను ఊహించి చెబుతున్న లెక్క కాదు. 2009లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ అనే పత్రికలో లూకా గిర్లాండా అనే భౌతిక శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఈ పద్ధతినే వివరించాడు. విద్యార్థులు అపోలో ధ్వని ముద్రణలను తీసుకుని, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో ప్రతిధ్వని ఆలస్యాన్ని కొలిచి, చంద్రుడి దూరం కనుక్కోవచ్చునని చూపించాడు. నాసా ఆ ముద్రణల్ని అందరికీ అందుబాటులో ఉంచింది గనకనే అది సాధ్యమయింది.

'బీప్' అన్నది ఎవరు?

ఈ ముద్రణలు విన్నవాళ్లందరికీ గుర్తుండిపోయే శబ్దం ఒకటుంది. మాటకు ముందు ఒక 'బీప్', మాట ముగిశాక ఒక 'బీప్'. సినిమాల్లో రోదసి యాత్ర అనగానే ఈ శబ్దం వేస్తారు. చాలామంది అది చంద్రుడి నుంచి వచ్చిందనుకుంటారు. కాదు. అది భూమి మీదే పుట్టింది.

దాని పని ఏమిటంటే, హ్యూస్టన్‌లో మాట్లాడే మనిషి మీట నొక్కినప్పుడు ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో, గోల్డ్‌స్టోన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న రేడియో ప్రసార యంత్రం తెరుచుకోవాలి. మీట వదిలినప్పుడు మూసుకోవాలి. దానికోసం విడిగా ఇంకో తీగ వెయ్యాలంటే బోలెడు ఖర్చు. అందుకని మాట వెళ్లే టెలిఫోను తీగలోనే ఈ రెండు కూతల్ని పంపేవారు. మొదటి కూత 2525 హెర్ట్జ్, అంటే సెకనుకు 2525 కంపనాలు. 'తెరుచుకో' అని దాని అర్థం. రెండోది 2475 హెర్ట్జ్. 'మూసుకో' అని దాని అర్థం. ఒక్కొక్కటీ పావు సెకను మాత్రమే ఉంటుంది. రెంటికీ తేడా చాలా స్వల్పం గనక మన చెవికి రెండూ ఒకటే అనిపిస్తాయి. వీటిని క్విండార్ కూతలు అంటారు.

కాబట్టి ఒక నాటికలో వ్యోమగామి మాట్లాడటానికి ముందు ఈ 'బీప్' వేస్తే అది పొరపాటే. ఆ కూత భూమి నుంచి మాట్లాడేవాళ్లది. ఇంత చిన్న సంగతి కూడా అసలు ముద్రణ వింటేనే తెలుస్తుంది.

వినబడని ముప్ఫై వరసలు

వ్యోమగాములతో నేరుగా మాట్లాడే అధికారం హ్యూస్టన్‌లో సాధారణంగా ఒక్కరికే ఉండేది. అతన్ని క్యాప్‌కామ్ అనేవారు. అతను కూడా వ్యోమగామే. లోకమంతా రేడియోలో విన్నది అతని గొంతే. కాని ఆ ఒక్క మాట వెనక ఎంతోమంది గొంతులు పనిచేసేవి.

1969 జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీదికి దిగుతున్నారు. ఉన్నట్టుండి నౌకలోని కంప్యూటరు 1202 అనే సంఖ్య చూపి హెచ్చరిక మోగించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ సంఖ్య చెప్పి, దాని సంగతేమిటో తెలపమని అడిగాడు. దిగాలా, వెనక్కి మళ్లాలా? చూస్తూ కూర్చోవటానికి సమయం లేదు. ఆ కంప్యూటరు బాధ్యత చూస్తున్న స్టీవ్ బేల్స్ వయస్సు అప్పటికి 26 ఏళ్లు. వెనక గదిలో అతనికి సాయంగా ఉన్న జాక్ గార్మన్ వయస్సు 24. అలాంటి హెచ్చరికలన్నిటికీ అర్థాలు తన చేత్తో ముందే ఒక జాబితా రాసి పెట్టుకున్నాడు గార్మన్. అది చూసి, కంప్యూటరుకు పని ఎక్కువయిందే తప్ప ప్రమాదం లేదు, ముందుకు పోవచ్చు అన్నాడు. ఆ మాట బేల్స్‌కు, బేల్స్ నుంచి ప్రధానాధికారికి, అక్కడి నుంచి క్యాప్‌కామ్‌కు, క్యాప్‌కామ్ నుంచి చంద్రనౌకకు వెళ్లింది. నౌక దిగింది.

లోకం విన్నది ఆఖరి మాట ఒక్కటే. మరి గార్మన్ గొంతు ఎక్కడుంది? ఉంది. హ్యూస్టన్‌లో ఇలాంటి లోపలి సంభాషణలన్నిటినీ వెడల్పాటి అయస్కాంత టేపుల మీద ముద్రించేవారు. ఒక్కొక్క టేపు మీద 30 వరసలు, ఒక్కొక్క టేపులో 14 గంటల ధ్వని! దశాబ్దాల పాటు ఆ టేపులు బీరువాల్లో ఉండిపోయాయి. వాటిని వినటానికి మిగిలిన పాత యంత్రం ఒకసారి ఒక్క వరసనే చదవగలదు. టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో జాన్ హాన్సెన్, అభిజీత్ సంగ్వాన్ అనే పరిశోధకులు వీటిని కంప్యూటరులోకి ఎక్కించాలని పూనుకున్నారు. ఆ యంత్రంతో ఒక్క అపోలో 11 టేపులకే 170 ఏళ్లు పడుతుందని లెక్క తేలింది! అప్పుడు వాళ్లు 30 వరసలనూ ఒక్కసారే చదివే కొత్త భాగాన్ని తయారుచేయించి ఆ యంత్రానికి అమర్చారు. 170 ఏళ్ల పని కొన్ని నెలలకు దిగింది. అలా కొన్ని యాత్రలవి కలిపి 19,000 గంటలకు పైగా ధ్వని బయటపడింది.

అన్నిటికీ ఇంత అదృష్టం లేదు. అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు వచ్చిన అసలు టెలివిజన్ సంకేతాలు నమోదైన టేపుల కోసం నాసా చాలాకాలం వెతికింది. టేపుల కొరత వచ్చిన రోజుల్లో వాటిని చెరిపి వేరే పనికి వాడేసి ఉంటారని 2009లో తేల్చి చెప్పింది. ప్రసారమైన బొమ్మల నకళ్లు ఇతరుల దగ్గర ఉన్నాయి గనక అవయినా మిగిలాయి. చూశారా! ఒక్క చోటే దాచిన వస్తువు ఒక్క పొరపాటుతో పోతుంది. వెయ్యిమంది దగ్గర నకళ్లు ఉన్న వస్తువు పోవటం కష్టం. ముద్రణల్ని అందరికీ ఉచితంగా పంచటంలో ఈ లాభం కూడా ఉంది.

ఈ గొంతులు ఎవరి సొత్తు?

ఒకరు రాసిన కథను వాళ్లను అడగకుండా అచ్చువెయ్యకూడదు. అది కాపీరైటు చట్టం. మరి వ్యోమగాముల మాటల్ని మనం ఎలా వాడుకోవచ్చు?

అమెరికాలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు తమ ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన వాటికి ఆ దేశంలో కాపీరైటు ఉండదని అక్కడి చట్టం చెబుతోంది. ఆ ఖర్చు ప్రజలది, కాబట్టి ఫలితమూ ప్రజలదే అన్నది అందులోని భావం. నాసా ప్రభుత్వ సంస్థ. అందుకని దాని ఫొటోలు, చలనచిత్రాలు, ధ్వని ముద్రణలు సామాన్యంగా ఈ కోవలోకే వస్తాయి. 2014లో నాసా తన ప్రసిద్ధమైన ధ్వనుల్ని కొన్నిటిని ఇంటర్నెట్‌లో అందరికీ వినిపించేలా పెట్టింది. వాటిని దింపుకుని ఫోను మోతగా పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు!

అయితే కొన్ని నియమాలు లేకపోలేదు. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలి. మీ వస్తువును నాసా మెచ్చుకున్నట్టు భ్రమ కలిగించకూడదు. నాసా చిహ్నాన్ని ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. బతికున్న మనిషి గొంతును వ్యాపార ప్రకటనకు పెట్టాలంటే ఆ మనిషి అనుమతి వేరే కావాలి.

ఇంకొక చిక్కు ఉంది. 1965 డిసెంబరులో జెమినీ 6 నౌకలో వాల్టర్ షిర్రా, టామ్ స్టాఫర్డ్ ఒక అల్లరి చేశారు. ఆకాశంలో ఏదో వింత వస్తువు కనబడుతోందని గంభీరంగా చెప్పి, భూమి మీదివాళ్లు కంగారుపడేలోగా జేబుల్లో దాచి తెచ్చిన నోటి హార్మోనికా, చిన్న మువ్వలు తీసి క్రిస్మస్ పాట 'జింగిల్ బెల్స్' వాయించారు. రోదసిలో మోగిన మొదటి వాద్యాలు అవే. ఆ పాట 1857 నాటిది. దానిమీద ఇప్పుడెవరికీ హక్కు లేదు గనక ఆ ముద్రణను నిశ్చింతగా వాడుకోవచ్చు. కాని అదే యాత్రలో వ్యోమగాముల్ని నిద్రలేపటానికి హ్యూస్టన్ నుంచి 'హలో డాలీ' పాట వినిపించారు. అది 1960లలో పుట్టిన పాట. హ్యూస్టన్ నుంచి వినిపించినంత మాత్రాన అది ప్రభుత్వానిది అయిపోదు. పాట కట్టినవాళ్ల హక్కు పాటతోనే ఉంటుంది. కాబట్టి ముద్రణలో ఏముందో విని, అది ఎవరిదో తెలుసుకుని వాడుకోవాలి.

ప్రతి దేశంలోనూ చట్టం ఇలాగే ఉంటుందనుకోకండి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ నౌక సోయుజ్ టి-11లో రోదసికి వెళ్లాడు. అక్కడి నుంచి మన దేశం ఎలా కనిపిస్తోందని ప్రధాని ఇందిరాగాంధీ అడిగితే, ఇక్బాల్ రాసిన గీతంలోని తొలి మాటలతో జవాబు చెప్పాడు. మనవాళ్లందరికీ ప్రియమైన సంభాషణ అది. కాని మన చట్టం ప్రకారం ప్రభుత్వం వెలువరించిన వాటికి కూడా 60 ఏళ్ల కాపీరైటు ఉంటుంది. కనక దాన్ని వాడుకోవాలంటే ముందు హక్కు ఎవరిదో విచారించి, అనుమతి అడగాలి.

ఎవరెవరు ఏం చేశారు?

2019లో 'అపోలో 11' అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. అందులో కథ చెప్పే వ్యాఖ్యాత లేడు. ఆనాటి బొమ్మలూ, ఆనాటి గొంతులే కథ నడిపించాయి. పైన చెప్పిన ముప్ఫై వరసల టేపుల్లోని మాటలు అందులో వాడుకున్నారు. అదే ఏడు బెన్ ఫైస్ట్ అనే ఆయన మిత్రులతో కలిసి, ఆ యాత్ర మొత్తాన్నీ క్షణం తప్పకుండా మళ్లీ వినిపించే 'అపోలో ఇన్ రియల్ టైమ్' అనే వెబ్‌సైటును తీర్చిదిద్దాడు. 2015లో పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ అనే బ్రిటిష్ సంగీత బృందం రోదసి యాత్రల పాత ధ్వనుల్ని తమ వాయిద్యాలతో అల్లి 'ది రేస్ ఫర్ స్పేస్' అనే ఆల్బం చేసింది. చంద్రుడి మీదికి దిగే ముందు అధికారులు ఒక్కొక్కరే "గో" అని చెప్పిన మాటలే ఆ ఆల్బంలో ఒక పాటకు తాళమయ్యాయి.

ఇక మీ వంతు. మీ బడి వార్షికోత్సవానికి చంద్రయాత్ర మీద పావుగంట రేడియో నాటిక వెయ్యాలనుకున్నారనుకోండి. ముద్రణ నుంచి ముక్కలు తీసుకుని, మధ్య మధ్య తెలుగులో మీ గొంతులు కలిపారు. అంతా బాగానే ఉంది. కాని ఒక మిత్రుడు అంటాడు: "హ్యూస్టన్ అడిగాక జవాబు రావటానికి ఇంతసేపా? వినేవాళ్లకు విసుగు పుడుతుంది. ఈ ఖాళీలన్నీ కత్తిరించేద్దాం!"

కత్తిరించాలా, వద్దా?

మౌనం కూడా సాక్ష్యమే

మొదట చివర చెబుతానన్న సంగతి ఇదే. ఆ ఖాళీ నిజంగా ఖాళీ కాదు. హ్యూస్టన్ ప్రశ్న చంద్రుణ్ణి చేరటానికి 1.3 సెకన్లు, జవాబు తిరిగి రావటానికి 1.3 సెకన్లు. అంటే చంద్రుడి దూరమంతా ఆ మౌనంలోనే ఉంది. దాన్ని కత్తిరిస్తే ఇద్దరూ పక్క పక్క గదుల్లో కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. 3,84,400 కిలోమీటర్లు మీ కత్తెర కింద పడిపోతాయి!

అలాగని కత్తిరించటమే నేరం అనటం లేదు. నాటిక నాటికే. పొడుగు తగ్గించక తప్పదు. కాని తగ్గించినప్పుడు 'సంభాషణను కుదించాం' అని ఒక మాట చెప్పాలి. కనీసం ఒక్క చోటయినా ఆ మౌనాన్ని ఉన్నదున్నట్టు వినిపించి చూడండి. ప్రశ్న అడిగాక జవాబు కోసం మీ శ్రోతలు కూడా ఆ రెండున్నర సెకన్లు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు. ఎంత వాద్యసంగీతం పెట్టినా రాని ఉత్కంఠ అది.

మాటలను మార్చటం మాత్రం ఇంతకంటే పెద్ద తప్పు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉండగా ఆక్సిజన్ తొట్టి పేలింది. జాక్ స్విగర్ట్ అన్న మాటకు తెలుగు ఇది: "హ్యూస్టన్, ఇక్కడ మాకొక సమస్య వచ్చింది." సరిగా వినబడక మళ్లీ చెప్పమన్నారు. అప్పుడు జిమ్ లోవెల్ కూడా "సమస్య వచ్చింది" అనే చెప్పాడు. 1995లో వచ్చిన సినిమాలో దాన్ని "సమస్య ఉంది" అని మార్చారు. తేడా చిన్నదే. కాని ఇవాళ లోకమంతా సినిమా మాటనే అసలు మాట అనుకుంటోంది! అసలు ముద్రణ అందరికీ అందుబాటులో ఉంది గనకనే మనం ఇది తప్పు అని చెప్పగలుగుతున్నాం.

ఇంకా తేలని సంగతులూ ఉన్నాయి. చంద్రుడి మీద అడుగుపెడుతూ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న ప్రసిద్ధ వాక్యంలో, ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం 'ఒక' అనే అర్థమిచ్చే చిన్న అక్షరం ఉండాలి. తాను అన్నాననుకున్నానని ఆయన చెప్పాడు. ముద్రణలో మాత్రం వినబడదు. 2006లో పీటర్ షాన్ ఫోర్డ్ అనే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ నిపుణుడు ధ్వని గీతల్లో దాని జాడ దొరికిందన్నాడు. ఇతరులు ఒప్పుకోలేదు. ఒకే ముద్రణ, భిన్నమైన అభిప్రాయాలు. ఎవరి మాట నమ్మాలి? ఎవరి మాటా ఊరికే నమ్మనక్కర్లేదు. ముద్రణ ఉంది. వినండి.

విజ్ఞానంలో మంచి అలవాటు ఇదే. ఎవరో చెప్పారని కాక, మూలాన్ని చూసి నిర్ణయించుకోవటం. ఉచితంగా దొరికిన వస్తువు గనక దానిమీద మనకు బాధ్యత లేదనుకోకూడదు. ఊరి చెరువు అందరిదీ. అందుకే దాన్ని పాడుచెయ్యకుండా చూసుకోవటం కూడా అందరి పనే.

చేసి చూడండి

1. బడిలో కంప్యూటరు ఉంటే మీ సైన్సు మాస్టారి సాయంతో అపోలో 11 ముద్రణను సంపాదించండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో దాన్ని తెరవండి. ధ్వని కొండలూ లోయలుగా గీతల్లో కనబడుతుంది. హ్యూస్టన్ మాట్లాడిన ఒక మాటను, దాని ప్రతిధ్వనిని పోల్చి, మధ్య వ్యవధి కొలవండి. అన్ని చోట్లా ప్రతిధ్వని దొరకదు. ఓపికగా వెతకాలి.

2. ఇదే పనిని గడియారం పట్టుకుని చేస్తే? కొలతలో పదోవంతు సెకను పొరపాటు వస్తే దూరంలో ఎంత పొరపాటు వస్తుందో లెక్క వెయ్యండి. (15,000 కిలోమీటర్లు అని వస్తే మీ లెక్క సరి.) సాఫ్ట్‌వేరు ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసింది గదా!

3. ఒకచోట కాక ఐదారు చోట్ల కొలిచి సగటు తీయండి. హ్యూస్టన్ మాట నేరుగా చంద్రుడికి వెళ్లలేదు, ముందు ఒక భూకేంద్రానికి వెళ్లింది. ఆ కేంద్రానికీ హ్యూస్టన్‌కూ మధ్య సంకేతం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా వెళ్తే, ఒక్కొక్క వైపుకూ దాదాపు పావు సెకను అదనంగా కలుస్తుంది. మీకు దూరం మరీ ఎక్కువ వచ్చిందంటే కారణం ఇదేనేమో ఆలోచించండి.

4. చివరగా ఒక పొడుపు. ఈ ముద్రణల్లో హ్యూస్టన్ అడిగిన ప్రశ్నకు చంద్రుడి నుంచి జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. కాని వ్యోమగామి అడిగిన ప్రశ్నకు హ్యూస్టన్ వెంటనే జవాబు చెప్పినట్టు వినబడుతుంది. ఎందుకని? టేపు రికార్డరు భూమి మీద కాక చంద్రుడి మీద ఉంటే ఏం వినబడేది?

ఈ పొడుపు విప్పగలిగితే, ఆ మౌనాన్ని ఎందుకు కత్తిరించకూడదో మీ మిత్రుడికి మీరే చెప్పగలరు.